పునాది స్వరము: మన సంఘ బ్యాండుకు తగిన బేస్ వాద్యము ఏది?

కోత పండుగ కానుకల లెక్క తేలిన తరువాత చాలా సంఘాలలో ఒక మాట వినబడుతుంది. "ఈ ఏడైనా మనకొక బ్యాండు ఉంటే బాగుండును" అని యౌవనస్థులు అడుగుతారు. క్రిస్మస్ ఊరేగింపునకు, ఈస్టరు తెల్లవారుజాము ఆరాధనకు, పెండ్లికి, భూస్థాపనకు పొరుగూరి బ్యాండును బాడుగకు పిలిచే బదులు మన పిల్లలే వాయిస్తే ఎంత సంతోషము! పెద్దలు సరేనంటారు. ట్రంపెట్లు ఎన్ని, క్లారినెట్లు ఎన్ని, డ్రమ్ములు ఎన్ని అని జాబితా వ్రాస్తారు. కాని అడుగు స్వరమును పలికే పెద్ద వాద్యమును గూర్చి అడిగేవారు తక్కువ. ఎవరైనా అడిగినా "డబ్బు మిగిలితే చూద్దాములే" అంటారు.

ఫలితము అందరికీ తెలిసినదే. పైన ట్రంపెట్లు కీచుమంటాయి, క్రింద డ్రమ్ములు మోగుతాయి, మధ్యలో ఏమీ ఉండదు. పాడే జనులకు ఆనుకొనేందుకు ఆధారము దొరకదు. రెండో చరణానికి వచ్చేసరికి పాట శ్రుతి జారిపోతుంది. పునాది లేకుండా గోడలు లేపినట్లుంటుంది. అందుచేత బ్యాండు ప్రారంభించదలచిన సంఘ పెద్దలకు, పిల్లల చేతికి వాద్యము ఇవ్వదలచిన తల్లిదండ్రులకు ఉపయోగపడునట్లు ఈ నాలుగు సంగతులు వ్రాస్తున్నాము.

వాక్యములోను, సంఘ చరిత్రలోను

ఊదే వాద్యములు దేవుని ప్రజలకు క్రొత్త కాదు. సంఖ్యాకాండము 10వ అధ్యాయములో మోషే రెండు వెండి బూరలు చేయించవలసి వచ్చింది. సమాజమును పిలుచుటకు, దండు కదలుటకు, పండుగ దినములకు వాటిని ఊదేవారు. 2 దినవృత్తాంతములు 5:13 చదివితే బూరలు ఊదేవారును, పాడేవారును ఏకస్వరముగా దేవుని స్తుతించినట్లు చూస్తాము. అపొస్తలుడైన పౌలు 1 కొరింథీ 14వ అధ్యాయములో బూర స్పష్టముగా పలకకపోతే యుద్ధానికి ఎవరు సిద్ధపడతారని ప్రశ్నించాడు. వాద్యము ఉండుట మాత్రమే చాలదు, అది తేటగా పలకాలి. ఈ చిన్న సూత్రము వాద్యమును కొనేటప్పుడు కూడా మనకు పనికివస్తుంది.

తరువాతి కాలములో మొరేవియన్ సహోదరులు ట్రాంబోన్లను ఆరాధనలో ఎంతో ప్రేమగా వాడుకున్నారు. జర్మనీలోని హెర్న్‌హూట్ గ్రామములో 1732లో యౌవనస్థులు సమాధుల తోటలో ఈస్టరు ఉదయకాల ఆరాధన జరిపారు. మనము నేడు తెల్లవారకముందే సమాధులయొద్దకు పోయి పాడే ఆచారమునకు అది దగ్గరి బంధువు. అమెరికాలో వారు కట్టుకున్న బెత్లెహేము అనే ఊరిలో 1754 నుండి ట్రాంబోన్ బృందమున్నది. సంఘములో ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు ఆ వార్తను ట్రాంబోన్ల స్వరముతో తెలియజేసేవారు.

రక్షణ సైన్యము బ్యాండుల కథ ఒక కుటుంబముతో మొదలైనది. 1878లో ఇంగ్లండులోని సాలిస్‌బరీ పట్టణములో చార్లెస్ ఫ్రై అనే ఇండ్లు కట్టించే వృత్తివాడు, అతని ముగ్గురు కుమారులు, నలుగురూ ఇత్తడి వాద్యములతో వీధి కూటములలో సహాయము చేశారు. ఆ నలుగురినుండి పుట్టిన పద్ధతి లోకమంతా వ్యాపించింది. రక్షణ సైన్యము 1882లో బొంబాయిలో దిగి మన దేశములో పని ప్రారంభించింది. మన ఆంధ్రలో బాపట్ల, స్టూవర్టుపురం పేర్లు వారి సేవతో ముడిపడి ఉన్నవి. తండ్రి, ముగ్గురు కొడుకులు కలిసి ఒక సంఘ బ్యాండు కాగలిగినప్పుడు, మన పల్లె సంఘానికి అది అసాధ్యమా? ఆలోచించండి.

గొట్టము పొడుగు, స్వరము లోతు

ఇత్తడి వాద్యము ఎంత లోతుగా పలుకుతుందో దాని గొట్టము పొడుగు నిర్ణయిస్తుంది. మామూలు బి ఫ్లాట్ ట్రంపెట్ గొట్టమును సాగదీస్తే సుమారు నాలుగున్నర అడుగులుంటుంది. యుఫోనియం గొట్టము దానికి రెండింతలు, అంటే తొమ్మిది అడుగులు. అది ట్రంపెట్ కంటే ఒక స్థాయి క్రింద పలుకుతుంది. పెద్ద బి ఫ్లాట్ బేస్ గొట్టము పద్దెనిమిది అడుగులు. అది ఇంకొక స్థాయి క్రిందికి దిగుతుంది. ఈ రెండింటి మధ్య ఇ ఫ్లాట్ బేస్ సుమారు పదమూడు అడుగులు. పొడుగు గొట్టమును చుట్టలు చుట్టి ఒడిలో పట్టేటట్లు చేయుటలోనే పనివాని నేర్పున్నది.

పిస్టన్లు నొక్కితే గాలి మరికొంత గొట్టములో తిరిగి వస్తుంది, స్వరము దిగుతుంది. మొదటి పిస్టన్ ఒక పూర్తి స్వరము, రెండవది అర స్వరము, మూడవది ఒకటిన్నర స్వరము దించుతుంది. కొన్ని వాద్యములకు నాలుగవ పిస్టన్ కూడా ఉంటుంది. అది రెండున్నర స్వరములు దించి, అడుగు స్వరములను మరింత శ్రుతిగా పలికిస్తుంది.

ఒక్కొక్క వాద్యము గుణము

బారిటోన్: యుఫోనియంకు తమ్ముడు వంటిది. గొట్టము పొడుగు అంతే గాని సన్నగా ఉంటుంది. బరువు సుమారు మూడు కిలోలు. స్వరము తేలిక. పది, పన్నెండేండ్ల పిల్లవాడు మొదలుపెట్టుటకు అనుకూలము.

యుఫోనియం: మధురమైన స్వరము అని అర్థమిచ్చే గ్రీకు మాటనుండి దీనికి ఈ పేరు వచ్చింది. 1840ల నాటిది. వెడల్పయిన గొట్టము, నిండైన గుండ్రటి స్వరము. నాలుగైదు కిలోల బరువు. పాట వరుసను వాయించగలదు, అడుగు స్వరమును పట్టగలదు. మన పెండ్లి బ్యాండులలో ట్రంపెట్లు వాయించే వరుసనే ఒక స్థాయి క్రింద వాయిస్తూ పాటకు నిండుతనమిచ్చేది తరచుగా ఇదే.

ట్రాంబోన్: పిస్టన్లకు బదులు జారే గొట్టముంటుంది. రెండు కిలోల లోపు బరువు, ధర కూడా బేస్ వాద్యములకంటె తక్కువ. కాని ఏ స్వరము ఎక్కడున్నదో చెవే చెప్పాలి. ఇరుకైన వీధి ఊరేగింపులో గొట్టము ముందుకు చాపుటకు చోటు కావాలి. నేర్పే గురువు దగ్గరలేని పల్లెలో దీనితో మొదలుపెట్టకుండుట మంచిది.

ఇ ఫ్లాట్ బేస్: ట్యూబా కుటుంబములో చిన్నది. ట్యూబాకు 1835లో బెర్లిన్ నగరములో వీప్రెక్ట్, మోరిట్జ్ అనువారు మొదటి హక్కు పత్రము పొందారు. ఇ ఫ్లాట్ బేస్ బరువు చాలావరకు ఏడెనిమిది కిలోలు. ఒడిలో పెట్టుకొని కూర్చొని వాయించుటకు, పట్టీతో నిలబడి వాయించుటకు వీలైనది. నిజమైన పునాది స్వరము ఇక్కడనుండి మొదలవుతుంది.

బి ఫ్లాట్ బేస్: అన్నిటికంటె లోతైనది. పది కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. పదిహేను మందికి పైగా ఉన్న బ్యాండులో దీని ఘనత తెలుస్తుంది. నలుగురైదుగురి మధ్య మాత్రము దీనికి ఊపిరి, ఖర్చు రెండూ ఎక్కువే.

సూసాఫోన్: అమెరికా బ్యాండు నాయకుడైన జాన్ ఫిలిప్ సూసా పేరున 1890లలో వచ్చినది. ఒంటి చుట్టూ చుట్టుకొని, బరువును భుజము మీద మోపి, వెడల్పు నోటిని తలపైనుండి ముందుకు తెరుస్తుంది. నడుస్తూ వాయించుటకే పుట్టినది. ఇత్తడిదైతే పది నుండి పదిహేను కిలోలు. ఊరేగింపులో చూచుటకు ఎంతో అందము. కాని గుడిలో కూర్చొని ఆరాధనకు వాయించుటకు చోటు చాలదు, దాచుటకు పెట్టె కూడా చాలా పెద్దది కావాలి.

మన పాటలకు ఏది తగును?

మన సంఘాలలో రెండు రకముల పాటలున్నవి. ఒకటి, పడమటి దేశముల రాగములతో వచ్చి తెలుగులో పాడుకొనే పాటలు. వీటికి నాలుగు వరుసల స్వర పుస్తకములున్నవి. వాటిలో అట్టడుగు వరుసను బేస్ వరుస అంటారు. మూడు పిస్టన్ల యుఫోనియంకు ఈ బేస్ వరుస చాలావరకు వ్రాసినది వ్రాసినట్లే అందుతుంది. ఒక స్థాయి మార్చనక్కరలేదు. జర్మనీ లూథరన్ సంఘాల బ్యాండులు ఆరాధన పాటల పుస్తకమునే ముందు పెట్టుకొని నేరుగా వాయించే పద్ధతిని ఏర్పరచుకున్నవి. మనమూ అలా చేయవచ్చును. ఇ ఫ్లాట్ బేస్ చేరితే అదే వరుసను ఒక స్థాయి క్రింద పలికి గుడి నేల కంపించునట్లు చేస్తుంది.

రెండవది, మన కీర్తనలు. వీటికి రాగము, తాళము ఉన్నవి గాని నాలుగు వరుసలు లేవు. వీటికి పడమటి పద్ధతిలో బేస్ వరుసను అంటగడితే రాగము చెడుతుంది. ఇక్కడ బేస్ వాద్యము చేయవలసిన పని తంబుర పని. సా, పా స్వరములను నిలిపి పట్టుకొని, తాళమునకు మెల్లగా ఊతమిస్తే చాలును. బి ఫ్లాట్ వాద్యములో పిస్టన్ ఏదీ నొక్కకుండానే ఆరున్నర శ్రుతి సా, పా, పై సా వస్తాయి. ఇ ఫ్లాట్ బేసులో అలాగే రెండున్నర శ్రుతి సా, పా వస్తాయి. పురుషులు, స్త్రీలు కలిసి పాడే కీర్తనలకు రెండున్నర శ్రుతి చాలా సంఘాలలో నప్పుతుంది గనుక, ఇ ఫ్లాట్ బేస్ మనకు మంచి స్నేహితుడు.

ఒక జాగ్రత్త. కీబోర్డు వాయించే తమ్ముడు మీట నొక్కి క్షణములో శ్రుతి మార్చగలడు. బ్యాండు వాద్యమునకు ఆ మీట లేదు. శ్రుతి మారితే వ్రేళ్ళు వేరుగా నడవాలి. కాబట్టి ఏ పాట ఏ శ్రుతిలో పాడాలో పాస్టరుగారు, పాట నడిపించేవారు, బ్యాండువారు ముందుగానే కూర్చొని నిశ్చయించుకోవాలి.

ఈ సంగతులన్నిటిని బట్టి మా సలహా ఇది. నలుగురు మొదలు ఆరుగురు వాయించే చిన్న బ్యాండుకు మొదట ఒక యుఫోనియం కొనండి. ఎనిమిది, పదిమంది అయినప్పుడు ఇ ఫ్లాట్ బేస్ చేర్చండి. పదిహేనుమంది దాటిన తరువాత బి ఫ్లాట్ బేస్ సంగతి చూడండి. మీ బ్యాండు పని ముఖ్యముగా వీధి ఊరేగింపులే అయితే, బలమైన వాయిద్యకారుడు మీకుంటే, అప్పుడు సూసాఫోన్ తీసుకోండి. చూపునకు పెద్దదిగా ఉన్నదని దానితోనే మొదలుపెట్టకండి.

ఎవరి చేతికి ఇవ్వాలి?

పాల పళ్ళు ఊడి ముందు పళ్ళు గట్టిపడిన తరువాత, అంటే పది, పన్నెండేండ్లకు, పిల్లలు మొదలుపెట్టవచ్చును. పెదవులు లావుగా ఉన్నవా, సన్నగా ఉన్నవా అని చూడనక్కరలేదు. చెవి బాగుండాలి, ఓపిక ఉండాలి, వాద్యమును మోసే ఒడ్డు ఉండాలి. ఎదిగే పిల్లల వీపు మీద పది కిలోలు మోపకండి. కూర్చొని నేర్చుకొననివ్వండి. ట్రంపెట్‌కు గాలి కొంచెమే అయినా ఒత్తిడి ఎక్కువ కావాలి. బేస్ వాద్యమునకు ఒత్తిడి తక్కువ, గాలి ఎక్కువ. ఉబ్బసము ఉన్న పిల్లలైతే డాక్టరుగారిని అడిగిన తరువాతనే మొదలుపెట్టించండి.

ఇంగ్లండు పద్ధతి బ్యాండులలో ఒక సౌకర్యమున్నది. కార్నెట్ మొదలు పెద్ద బేస్ వరకు దాదాపు అన్ని వాద్యములకు ఒకే విధముగా స్వరములు వ్రాస్తారు, వ్రేళ్ళ పద్ధతి ఒక్కటే. ట్రంపెట్ నేర్చినవాడు కొద్ది వారములలో బేసుకు మారగలడు. పెదవులకు మాత్రము క్రొత్త అలవాటు కావాలి. ఒకరు చదువుకొరకు పట్నము వెళ్ళిపోయినా బ్యాండు ఆగిపోకుండుటకు ఇది మంచి ఉపాయము. మన కుమార్తెలను మరచిపోకండి. యుఫోనియం, బేస్ వాద్యములు ఆడపిల్లలు ఎంతో చక్కగా వాయించగలరు.

ఇక్కడ మనస్సులోని ఒక మాట చెప్పాలి. మన పల్లెలలో కొందరు పెద్దలు, "మా తాతలు ఊరివారి పెండ్లిండ్లకు, చావులకు వెట్టిగా డప్పు కొట్టారు. యేసు ప్రభువు మమ్మును ఆ కాడినుండి విడిపించాడు. ఇప్పుడు నా మనుమని మెడలో మరల వాద్యము వేస్తారా?" అని బాధపడతారు. ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. అది నిజమైన గాయము. అలాంటి తాతగారి మాట మొదట ఓపికగా వినండి. తరువాత ఈ రెండు సంగతులు మనవి చేయండి. ఆనాడు వాయించకపోతే దెబ్బలు, కూలి లేదు, గౌరవము లేదు. ఈనాడు ఈ బిడ్డ స్వేచ్ఛతో, చదువుకుంటూ, తన దేవుని సన్నిధిలో తన ఇష్టముతో వాయిస్తాడు. వాద్యములో నింద లేదు, బలవంతములోనే నింద ఉన్నది. ఇంత చెప్పినా ఆ పెద్దాయనకు మనస్సు ఒప్పకపోతే ఒత్తిడి చేయకండి. బిడ్డ క్రిస్మస్ ఉదయమున వాయించినప్పుడు ఆయనే వచ్చి వింటాడేమో, కనిపెట్టండి.

కొనేటప్పుడు చూడవలసినవి

మన దేశములో బ్యాండు వాద్యముల తయారీకి ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నగరము, అందులో జలీ కోఠీ ప్రాంతము పేరుపొందినవి. అక్కడ చేతిపని ఎక్కువ గనుక ఒకే రకము వాద్యములు రెండు తీసుకున్నా స్వరము ఒక్కలా ఉండకపోవచ్చును. ఫోటో చూచి, తళతళ చూచి కొనరాదు. వాయించుట తెలిసిన వానిని వెంటబెట్టుకొని వెళ్ళండి. దారి ఖర్చు నష్టము కాదు. క్రొత్తదైనా, పాతదైనా ఈ పరీక్షలు చేయించండి.

1. పిస్టన్లు మూడింటిని వేగముగా నొక్కి వదలండి. తడబడకుండా పైకి రావాలి.

2. పిస్టన్ నొక్కకుండా దాని ప్రక్క గొట్టమును కొంచెము లాగి పట్టుకొని, అప్పుడు పిస్టన్ నొక్కండి. "టప్" మని శబ్దము వస్తే గాలి కారుట లేదని గుర్తు. శబ్దము రాకపోతే పిస్టన్లు అరిగిపోయి ఉండవచ్చును.

3. జారే గొట్టములన్నీ కదులుతున్నవో లేదో చూడండి. బిగుసుకుపోయిన గొట్టమును బలవంతముగా లాగితే విరుగుతుంది.

4. వెడల్పు నోటిమీద సొట్టలు స్వరమును అంతగా చెడపవు. ఊదే చోటికి దగ్గరలోని సన్నని గొట్టము మీది సొట్టలు, ఎర్రని మచ్చలు మాత్రము ప్రమాదము. ఆ మచ్చలు ఇత్తడి లోపలినుండి తినివేయబడుతున్నదని తెలుపుతాయి.

5. కీబోర్డు ప్రక్కన పెట్టి శ్రుతి చూడండి. సెల్‌ఫోనులో శ్రుతి చూపించే ఉచిత సాధనములు కూడా నేడున్నవి. 1960లకు ముందు ఇంగ్లండులో తయారైన పాత బ్యాండు వాద్యములు కొన్ని నేటి శ్రుతికంటె హెచ్చుగా పలుకుతాయి. వాద్యము ఎంత గట్టిదైనా అటువంటిది మీ కీబోర్డుతో కలవదు.

6. మొదటి, మూడవ పిస్టన్లు కలిపి నొక్కి వాయించి చూడండి. ఆ స్వరము సాధారణముగా కొంచెము హెచ్చుగానే ఉంటుంది. మరీ హెచ్చయితే, మూడవ పిస్టన్ గొట్టమును కొద్దిగా బయటికి లాగినా కుదరకపోతే, విడిచిపెట్టండి.

కొన్న దినమే సంఘ ఆస్తుల పుస్తకములో వ్రాయండి. ఎవరి ఇంటిలో ఉంటుంది, బయటి పెండ్లిండ్లకు ఇవ్వవచ్చునా, మరమ్మతు ఖర్చు ఎవరిది అను సంగతులు ముందే తీర్మానించుకోండి. చిన్న వాద్యము కొరకు పెద్ద సమాధానమును పోగొట్టుకొనకూడదు.

కాపాడుకొనుట

వాయించిన తరువాత లోపలి తేమను నీటి మీట నొక్కి ఊది తీసివేయాలి. పిస్టన్లకు వాల్వు నూనె మాత్రమే వేయండి. కొబ్బరి నూనె చిక్కబడి పిస్టన్లను పట్టివేస్తుంది. జారే గొట్టములకు వ్యాసెలిన్ రాయవచ్చును. ఇంటిలోని ఇత్తడి బిందెవలె చింతపండు, ఇటుక పొడి పెట్టి తోమకండి. గోరువెచ్చని నీరు, కొంచెము సబ్బు, మెత్తని గుడ్డ చాలును. మరిగిన నీరు పైపూతను ఊడదీస్తుంది. సముద్రతీర గ్రామములలో ఉప్పుగాలికి చిలుము త్వరగా పడుతుంది గనుక పెట్టెలోనే ఉంచండి. ఒక్కొక్కరికి వేరు మౌత్‌పీసు ఉండుట మంచిది. అది కుదరకపోతే చేయి మారినప్పుడెల్లా సబ్బు నీటితో కడగండి. దగ్గు, జ్వరము ఉన్నవారు ఇతరుల వాద్యమును ఊదకూడదు.

వెనుక వరుసలోని సేవ

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్కచూచుకొనునని మన ప్రభువు లూకా 14వ అధ్యాయములో నేర్పించాడు. బ్యాండు విషయములోను అంతే. నాలుగు ట్రంపెట్లు కొనే డబ్బులో రెండింటిని తగ్గించి ఒక మంచి యుఫోనియం కొన్న సంఘము నష్టపోదు.

బేస్ వాయించేవాడు వెనుక వరుసలో ఉంటాడు. పాట వరుస అతనిది కాదు. ఊరేగింపులో పిల్లలు ట్రంపెట్ వాయించేవాని వెంట పరుగెత్తుతారు గాని ఇతని వెంట కాదు. అయినను అతడు ఒక్క చరణము ఆగితే అందరికీ తెలుస్తుంది. శరీరములో బలహీనములని తోచే అవయవములు మరి అవసరమైనవని 1 కొరింథీ 12వ అధ్యాయములో చదువుతున్నాము. సంఘములో తెల్లవారకముందే గుడి ఊడ్చే అమ్మ, దీపములు చూచే అన్న, పేరు లేకుండా కానుక వేసే విధవరాలు, వీరందరూ పునాది స్వరములే.

తల్లిదండ్రులారా, మీ బిడ్డకు ఆ వెనుక వరుస వాద్యము అప్పగించబడితే చిన్నబుచ్చుకొనకండి. రాబోయే ఈస్టరు తెల్లవారుజామున, సమాధులమధ్య, మంచులో నిలబడి మన జనము పాడుచున్నప్పుడు క్రిందనుండి ఆ లోతైన స్వరము వారిని మోయును గాక. ఆ స్వరము మీ బిడ్డదగును గాక. సమస్త మహిమ దేవునికే చెల్లును గాక. ఆమేన్.